పిట్ట ఘనం, కూత కొంచెం

యాప్‌లు లావెక్కిపోతున్నాయని ఈమధ్య ఒకటే గోల. నేను ఒప్పుకోను. మన ఫోన్‌లోకి చుట్టమై వస్తున్నప్పుడు ఓ 150 ఎంబీ అయినా లేకుండా ఉత్త చేతులతో ఎలా వస్తుంది చెప్పండి, దానికీ మర్యాద ఉంటుంది కదా.

మొన్న మా పెద్దమ్మ ఒక బిల్లులు కట్టే యాప్ వేసిపెట్టమంది. అది చేసే పనులు మూడే, బిల్లు ఎంతో చూపించడం, డబ్బు తీసుకోవడం, రసీదు ఇవ్వడం. దానికి అక్షరాలా 150 ఎంబీ. పాతరోజుల ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ, ఆ లెక్కన దీన్ని తెచ్చుకోవాలంటే నూట ఐదు ఫ్లాపీలు గోనెసంచిలో వేసుకుని ఆటో మాట్లాడుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు గాల్లోంచి దానంతటదే దిగుతోంది, ఇంకా ఏడుపెందుకు?

లోపల ఏముందో అడక్కూడదు గానీ, ఇలాంటివి తయారుచేసే కుర్రాడొకడు తెలుసు కాబట్టి అడిగాను. తెరవగానే దీపాలు వెలిగే యానిమేషన్ ఉంటుందట (దీపావళి వెళ్లి నాలుగు నెలలైంది), మనం ఎక్కడ నొక్కామో రాసుకునే ట్రాకర్లు మూడు కంపెనీలవి ఉంటాయట. మరి తెలుగు ఏదయ్యా అంటే, 'భాషలు పెడితే యాప్ బరువెక్కుతుంది అంకుల్' అన్నాడు. అందులో ఉన్న మాటలన్నీ తెలుగులో రాసినా వంద కిలోబైట్లు దాటవు. అయినా ఆ కుర్రాడి క్రమశిక్షణ చూస్తే ముచ్చటేసింది, ఎక్కడో ఒకచోట పొదుపు ఉండాలి కదా.

గిట్టనివాళ్లు లెక్కలు కూడా తీస్తారు. గూగుల్ ప్లే వాళ్లు 2017లో చెప్పిందేమిటంటే, యాప్ ఫైలు 6 ఎంబీ పెరిగినప్పుడల్లా ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్లు ఒక శాతం తగ్గుతున్నారట, మన దేశం, బ్రెజిల్ లాంటి చోట్ల 10 ఎంబీ తగ్గిస్తే సుమారు రెండున్నర శాతం పెరుగుతున్నారట. దీన్ని నష్టం అనుకోవడం అమాయకత్వం. ఇది జల్లెడ. ఫోన్‌లో జాగా లేనివాడి జేబులో మాత్రం ఏముంటుంది, అలాంటివాడు గుమ్మం దగ్గరే ఆగిపోతే మనకే మంచిది.

ఫేస్‌బుక్ 2015లో ఒక ఎంబీ కూడా లేని లైట్ యాప్ తెచ్చింది, ఇన్‌స్టాగ్రామ్ అయితే 2021లో 30 ఎంబీల సరుకుని 2 ఎంబీల్లో సర్దేసింది. పరువు తక్కువ పని. వాళ్లకి జనం కావాలి, అందుకని దిగజారారు. ఒకప్పుడు ప్రతి రకం ప్రాసెసర్‌కీ, ప్రతి సైజు స్క్రీన్‌కీ కావలసిందంతా ఒకే మూట కట్టి అందరికీ పంపేవాళ్లు, 2018లో గూగుల్ యాప్ బండిల్ అని తెచ్చి ఏ ఫోన్ ముక్క ఆ ఫోన్‌కే అందేలా చేసింది, 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకి అదే తప్పనిసరి అంది. సన్నబడే మందు ఊరికే ఇచ్చారన్నమాట. మనవాళ్లు మిగిలిన జాగాలో ఇంకో వీడియో పెట్టారు.

2016లో జియో వచ్చాక డేటా చవకైంది కదా అంటారు. అయింది. పెద్దమ్మ ఫోన్ కడుపు మాత్రం అదే 32 జీబీ, అందులో సగం గుడ్ మార్నింగ్ పువ్వులు. అవి తీసేద్దామంటే 'పంపినవాళ్లు ఏమనుకుంటార్రా' అని ఒప్పుకోలేదు. కాశీ వీడియో తీసేశాం. చాల్లేదు. మనవడి అన్నప్రాసన ఫొటోలు నా ఫోన్‌కి పంపుకుని అక్కడ తీసేశాం. అప్పుడు దిగింది యాప్, దీపాలు వెలిగాయి, నూట డెబ్బై రూపాయల బిల్లు కట్టాం.

నిన్న మళ్లీ ఫోన్ చేసింది.

"ఒరే, ఇదేదో అప్‌డేట్ అంటోందిరా. ఈసారి ఎవర్ని తీసెయ్యమంటావు?"