టమాటా చేసిన నాలుగున్నర గ్రాముల నేరం

మా పార్కులో పొద్దున్నే నడిచే షుగర్ సంఘం మొన్న మంగళవారం ఏకగ్రీవంగా తీర్మానం చేసింది: లో కార్బ్, అంటే కార్బ్స్ (పిండిపదార్థాలు, చక్కెరలు) తగ్గించే తిండి, పాటించేవాళ్లు ఇకపై టమాటా ముట్టరాదు. కారణం శాస్త్రీయమే. టమాటా పండు. పండులో చక్కెర ఉంటుంది. చక్కెర మనకు పడదు. తీర్మానం అయ్యాక సభ్యులందరూ గేటు పక్క బండి దగ్గర తలా నాలుగు ఇడ్లీలు తిని ఇళ్లకు వెళ్లారు. ఇడ్లీ పండు కాదు గదా.

పండా కూరగాయా అన్న గొడవ 1893లోనే అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దిగుమతయ్యే కూరగాయలకు సుంకం ఉంది, పండ్లకు లేదు. వృక్షశాస్త్రం ఏమన్నా, జనం దీన్ని భోజనంలోనే తింటారు తప్ప భోజనమయ్యాక పండులా తినరు కాబట్టి కూరగాయే అని జడ్జీలు తేల్చారు. ఈ సంగతి చెబితే మా అధ్యక్షుడు, 'అది అమెరికా టమాటా మాస్టారూ, మనది నాటు' అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నేను క్రమశిక్షణ గలవాణ్ణి. వంటింట్లో పెట్టుకునే చిన్న వెయింగ్ మిషన్ తెప్పించి ఒక టమాటా పెట్టాను. 118 గ్రాములు. తొడిమ పీకేశాను, 116. వంద గ్రాముల టమాటాలో సుమారు 95 శాతం నీళ్లే. కార్బ్స్ 4 గ్రాముల లోపు, అందులోనూ ఒక గ్రాము పైగా పీచు. అంటే ముద్దాయి చేసిన నేరం మొత్తం నాలుగున్నర గ్రాములు. అయినా చట్టం చట్టమే. సగం మాత్రమే పప్పులో వేయమన్నాను.

'ఏవండీ, ఆ మిషన్ మీద మీ అన్నం కూడా ఒకసారి పెట్టరాదూ?' అంది మా ఆవిడ.

పెట్టకుండా ఉండాల్సింది. 300 గ్రాములు. వంద గ్రాముల అన్నానికి 28 చొప్పున 84 గ్రాముల కార్బ్స్. నేను రోజు మొత్తానికి గీసుకున్న గీత 100. ఆ 84 గ్రాములూ టమాటాల్లోంచి రావాలంటే ఒక్క పూటలో రెండు కిలోల పైనే తినాలి. మిషన్ పాడైందేమోనని బ్యాటరీ మార్చి చూశాను. అన్నం బరువు మారలేదు.

అయినా అన్నాన్ని ఏమనగలం? సాక్షాత్తు పరబ్రహ్మ స్వరూపం. సముద్రాలు దాటొచ్చిన టమాటాకు అలాంటి సిఫార్సు ఎక్కడిది? అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవాలంటే దుత్త కాస్త ఎర్రగా, మెత్తగా ఉండటమే మంచిది. 2023లో కిలో 200 దాటినప్పుడు మా సంఘం మొత్తం ఆరోగ్య కారణాలతో టమాటా మానేసింది. ఆ మూణ్ణెల్ల రిపోర్టులు మాత్రం ఎవరూ బయటపెట్టలేదు. టమాటా సాస్ మీద అప్పుడూ నిషేధం లేదు, ఇప్పుడూ లేదు. వంద గ్రాముల్లో 25 గ్రాముల దాకా కార్బ్స్ ఉంటాయి, చాలావరకు కలిపిన చక్కెరే. కానీ అది పండు కాదు, సీసా.

నిన్న డాక్టరు దగ్గరికి వెళ్లాను. మూణ్ణెల్ల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4, ఎక్కువే. ఆయన కాగితాలు తిరగేసి, 'కిడ్నీలు బాగున్నాయి, పొటాషియం బెడద లేదు. కూరగాయలు హాయిగా తినండి. అన్నం ఎంత తింటున్నారు?' అన్నారు.

'టమాటా పూర్తిగా మానేశాను డాక్టర్ గారూ' అన్నాను.