పెద్దలు విహారానికి కారణం చూపవలెను

పాతికేళ్ల కుర్రవాడు వీపున సంచి తగిలించుకుని కొండలెక్కడానికి బయలుదేరితే ఎందుకని అడిగేవారుండరు. డెబ్బై ఏళ్ల మనిషి పెళ్లికో వైద్యానికో కాక కేవలం సరదాకి టికెట్టు కొనుక్కుంటే మాత్రం ఇంట్లోవాళ్లు సమావేశమవుతారు, పర్యాటక పరిశోధకులు ప్రశ్నావళి ముద్రిస్తారు. ఇంతటి గంభీర సమస్యను బాధ్యత గల సంతానం తరఫున పరిశీలించడం నా కర్తవ్యమని భావిస్తున్నాను.

ముందుగా శాస్త్రం. 1977లో గ్రాహం డాన్ అనే సామాజిక శాస్త్రవేత్త ప్రయాణ ప్రేరణలను రెండుగా విడదీశాడు: మనిషిని ఇంట్లోంచి బయటికి నెట్టేవి కొన్ని, ఫలానా చోటికి లాగేవి కొన్ని. సముద్రం, కోట, చల్లగాలి లాగేవాటి కిందికి వస్తాయి గనుక వాటితో మనకు పేచీ లేదు. చిక్కంతా నెట్టేవాటితోనే, ఎందుకంటే ఆ ఇంట్లో ఉన్నది మనమే. మరో రెండేళ్లకు జాన్ క్రాంప్టన్ అనే పర్యాటక పరిశోధకుడు విహారయాత్రికులతో మాట్లాడి తొమ్మిది ప్రేరణలు తేల్చాడు. వాటిలో ఒకటి రోజువారీ వాతావరణం నుంచి తప్పించుకోవడం, మరొకటి బంధుత్వాలను బలపరచుకోవడం. మనం రెండోదాన్నే నమ్ముతాం కాబట్టి మొదటిదాని మీద చర్చ అనవసరం.

ఆ తొమ్మిదిలోనే ఉంది, చిన్నతనంలోకి జారుకోవడం. దీనికి ప్రత్యక్ష సాక్ష్యాలున్నాయి. ఇంట్లో నాలుగు మెట్లెక్కితే పట్టేసే మోకాలు కోట బురుజు ఎక్కేటప్పుడు కిమ్మనదు. బస్సులో కిటికీ పక్క సీటు కోసం ఇద్దరు విశ్రాంత ప్రధానోపాధ్యాయులు తగువులాడుకుని, చివరికి గంటకొకరు చొప్పున వంతులు వేసుకుని, గడియారాలు చూసుకుంటూ కూర్చుంటారు. వారాల పేర్లు రాసిన మాత్రల డబ్బాను పెట్టెలో అన్నిటికంటే పైన మనం సర్ది పంపితే, తిరిగొచ్చేసరికి బుధవారం గడిలో మాత్ర అలాగే ఉంటుంది, శుక్రవారం గడిలో గవ్వలుంటాయి.

ముందున్న కాలం కొద్దిదేనని తోచినప్పుడు మనిషి కొత్త పరిచయాలకంటే మనసుకు దగ్గరైనవారితో గడపడానికే మొగ్గు చూపుతాడని మనస్తత్వవేత్త లారా కార్స్టెన్సన్ సిద్ధాంతం. ఇది చదివి ఎంతో ఊరట చెందాను. తీరా ఆ దగ్గరివారెవరని ఆరా తీస్తే, పాత ఆఫీసులో పక్క బల్ల మిత్రుడు, ఆయన వియ్యంకుడు, ఆ వియ్యంకుడితో పేకాడే మరొకాయన అని తేలింది. సిద్ధాంతంలోనే ఎక్కడో లెక్క తప్పి ఉండాలి.

ఈ అలవాటు చేసిన పాపం వ్యాపారులదీ, విద్యావేత్తలదీ. 1950ల తొలినాళ్లలో ఇంగ్లండులోని ఫోక్‌స్టోన్‌లో సిడ్నీ డి హాన్ అనే హోటల్ యజమాని, సీజన్ కాని రోజుల్లో ఖాళీ పడే గదులను నింపుకోవడానికి విశ్రాంత ఉద్యోగులను పిలిచాడు. 1975లో అమెరికాలో మొదలైన ఎల్డర్‌హాస్టల్ అనే సంస్థ వేసవిలో ఖాళీగా ఉండే కళాశాల వసతి గదుల్లో పెద్దలను దింపి పాఠాలు చెప్పించింది. అందరికీ సెలవులు లేని వారంలో వెళ్తే చవక అన్న రహస్యం అప్పటినుంచీ వారికి తెలిసిపోయింది.

కనుక నా ప్రతిపాదనలివి. అరవై దాటినవారు విహారానికి బయలుదేరే ముందు కారణాన్ని సంతానానికి లిఖితపూర్వకంగా సమర్పించాలి. ‘చూడాలనిపించింది’ అనేది కారణం కిందికి రాదు. రోజుకు మూడుసార్లు ఫోటో పంపాలి, అందులో స్వెటరు కనిపించాలి. వీలైనంతవరకు బాధ్యత గల కుటుంబసభ్యుడొకరు తోడు వెళ్లాలి. ఆ సభ్యుడి టికెట్టు, భోజనం, సముద్రం కనిపించే గది అద్దె పెద్దల పెన్షన్‌లోంచే చెల్లించాలి.