ఏరిన చెత్తను ఎత్తేదెవరు?

ముంబైలోని వెర్సోవా తీరం ఊసెత్తితే అందరికీ గుర్తొచ్చేది 2018 మార్చి. ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటపడి, ఇసుక మీద పాక్కుంటూ అరేబియా సముద్రంలో కలిసిన నెల అది. ఆ ఫొటోలు చూసి మురిసిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ అంతకు నాలుగు నెలల ముందు, 2017 నవంబరులో, ఆ తీరంలో చెత్త ఏరే శ్రమదానం ఆగిపోయిందన్న సంగతి ఎందరికి గుర్తుంది?

వెర్సోవా కోలీలనే మత్స్యకారుల పాత పల్లె. మహానగరం వచ్చి మీద పడకముందు నుంచీ వేటకెళ్లి, బొంబిల్ చేపల్ని వెదురు దండేల మీద ఎండబెట్టుకుని బతికిన ఊరు. 2015 అక్టోబరులో అఫ్రోజ్ షా అనే లాయరు, ఎనభై దాటిన పొరుగింటి పెద్దాయనను తోడు తీసుకుని చెత్త ఏరడం మొదలుపెట్టారు. వారం వారం జనం కలిశారు. ఏడాది తిరగగానే ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం షాకు పురస్కారం ఇచ్చింది.

అంత పేరొచ్చిన పని ఎందుకాగింది? వాలంటీర్లను కొందరు వేధించారు. దానికి తోడు, ఏరి కుప్పపోసిన చెత్తను కార్పొరేషన్ ఎత్తలేదు. ముఖ్యమంత్రి ఫడ్నవీస్ కల్పించుకుని హామీ ఇచ్చాక గానీ పని మళ్లీ మొదలవలేదు. ఇసుకలో కూరుకుపోయిన కవర్లను జనం వంగి లాగగలరు. జేసీబీ, లారీ, డంపింగ్ యార్డు వాళ్ల చేతిలో ఉండవు కదా! కుప్ప అక్కడే ఉంటే పెద్ద పోటొకటి చాలు, అంతా మళ్లీ సముద్రంపాలే.

పైగా ఆ చెత్తంతా కోలీలది కాదు. నగరం నాలాల్లో పారేసిందే సముద్రానికి చేరి, వానాకాలం పోట్లకు ఒడ్డుకొస్తుంది. షా ఆ తర్వాత ముంబైలోని మిఠీ నది శుభ్రతకు పూనుకున్నది అందుకేననుకుంటాను. ఇక చట్టం సంగతి: 2022 జులై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ ప్లేట్లు నిషేధించారు. షాంపూ సాచెట్లు, చిప్స్ ప్యాకెట్లు ఆ జాబితాలోనే లేవు.

2027లో గోదావరి పుష్కరాలు. రాజమండ్రి ఘాట్లలో చీపురు పట్టేవాళ్లకు కొదవుండదు, ఫొటోలకైతే అసలే ఉండదు. నింపిన బస్తాల కోసం బండి ఏ ఘాటుకు ఎన్నింటికి వస్తుంది, అక్కణ్నుంచి ఎక్కడికి వెళ్తుంది? వాలంటీర్లను పిలిచే ప్రకటనలోనే ఆ వివరాలూ అచ్చువేయాలి.