తుంగభద్రకు ముందు ఆ ఫారం ఇవ్వండి

పోయిన నెల కర్నూలులో ఒక ఆఫీసులో ఫారం నింపుతుంటే 'మాతృభాష' అనే గడి ఎదురైంది. అగ్గిపెట్టెంత గడి. ఒక్క భాషే పట్టాలంట. నేను జెల్ పెన్నుతో నిజాయతీగా 'కన్నడం, తెలుగు, ఉర్దూ' అని రాసిచ్చా.

"ఏమప్పా, నీకు ముగ్గురమ్మలా?" అన్నాడు గుమాస్తా.

అవ్వ తిట్టేది కన్నడంలో, అమ్మ డబ్బులు లెక్కపెట్టేది తెలుగులో, పాతబస్తీలో క్రికెట్టాడి నేను నేర్చింది ఉర్దూ. కాలికి రాయి తగిలితే ఏ భాషలో అరుస్తానో రాయి సైజును బట్టి ఉంటుంది. ఇదంతా ఆయనకెట్లా చెప్పేది? సరిచేసి తెమ్మని ఫారం చేతిలో పెట్టాడు. జేబులో కుక్కుకుని తుంగభద్ర ఒడ్డునున్న సంకల్‌బాగ్ ఘాట్‌కు పోయా. మనసు బాగాలేకుంటే నేను పోయేది అక్కడికే.

నడుంలోతు నీళ్లలో నిలబడితే న్యాయమైన ఆలోచనలొస్తాయి. ఈ శిక్ష నాకొక్కడికేనా? తుంగభద్రకూ అదే ఫారం ఇవ్వాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నా. తల్లి పేరు తుంగ అని రాయాలా, భద్ర అని రాయాలా? రెండూ కర్ణాటక పడమటి కనుమల్లో పుట్టి, శివమొగ్గ దగ్గర కూడ్లిలో కలిశాయి. అంటే నాన్‌లోకల్. ఇక్కడికొచ్చేసరికి ఆ ఒడ్డు తెలంగాణ, ఈ ఒడ్డు ఆంధ్ర. నడిమధ్య వెల్లకిలా తేలేవాడి తల ఏ రాష్ట్రానిదో, కాళ్లు ఏ రాష్ట్రానివో రెవెన్యూ వాళ్లే తేల్చాలి. అచ్చమైన లోకల్ హంద్రీ నది ఒక్కటే. జిల్లాలో పుట్టి ఊళ్లోనే కలిసింది. కాకపోతే ఎండాకాలంలో పోతే ఈ లోకల్ క్యాండిడేటు ఇసుక తప్ప ఏమీ చూపించదు.

తుంగభద్ర నీళ్లు తీసుకుపోయే కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ వాటా 39.9 టీఎంసీలని ట్రిబ్యునల్ లెక్క. ఇంకో పాయింటు ఒకటి కలిపితే నిండు నలభై అయ్యేది కదా! నేను ఒడ్డెక్కేటప్పుడు నా పంచె పీల్చుకుపోయేదే ఆ పాయింటు ఒకటని నా అనుమానం.

2009 అక్టోబర్‌లో వరదొచ్చి నదే జనాభా లెక్కలకు బయల్దేరింది. పాతబస్తీలో ఇల్లిల్లూ తిరిగి, మిద్దెల దాకా ఎక్కింది. దాని ఫారంలో మాతృభాష గడి లేదు. మిద్దెల మీద మేం మూడు భాషల్లో అరిచాం. పైన హెలికాప్టర్‌కు అన్నీ ఒకేలా వినిపించి ఉండాలి.

'గంగాస్నానం, తుంగాపానం' అనేది మా అవ్వ. కాశీకి చార్జీలు లేక నేను రెండూ ఇక్కడే కానిస్తా.

ఒడ్డెక్కాక చూస్తే జేబులో ఫారం తడిసి, మూడు భాషలూ కారి ఒకే నీలి మరకయ్యాయి. మర్నాడు అదే తీసుకుపోతే గుమాస్తా కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"ఇప్పుడు ఒకటే ఉంది, సరిపాయె" అని ముద్ర కొట్టాడు.