గురువారం రాత్రి గట్టెక్కే దేశం

ఈ మధ్య రోటరీ, లయన్స్ లాంటి సర్వీస్ క్లబ్బులంటే అందరికీ లోకువైపోయింది. తినడానికి పోగవుతారు, ఫొటోలు దిగుతారు, ఒక్క కుట్టుమిషను ఇస్తూ పదిమంది దానిమీద చెయ్యేస్తారు అని ఒకటే ఎగతాళి. ఈ ధోరణిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. దేశం ఏమైపోతుందో అని దిగులుపడేవాళ్ళు ఒక్కసారి గోదావరి జిల్లాలో మా ఊరి క్లబ్బు గురువారం మీటింగుకి రావాలి, ఏడున్నరకని కార్డులో వేసి ఎనిమిదింపావుకి మొదలెడతారు గానీ పదిన్నరకల్లా దేశాన్ని గట్టెక్కించి చేతులు కడుక్కుంటారు. క్లబ్బు పేరు మాత్రం చెప్పను, ఊళ్ళో రెండున్నాయి, ఏది రాసినా రెండోవాళ్ళు మా పేరెందుకు రాయలేదంటారు.

2025 సెప్టెంబర్ ఆఖర్లో జరిగిన మీటింగే తీసుకోండి. టాపిక్ "భారత ఆర్థిక వ్యవస్థ: సవాళ్ళు, అవకాశాలు". గెస్టు ఓ రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్ గారు. ప్రెసిడెంట్ గారు మెళ్ళో కాలర్ వేసుకుని గంట కొట్టాక వేదిక మీదకి పిలుపులు మొదలయ్యాయి, ఆర్థిక శాస్త్రం నాకు అక్కడే సగం అర్థమైపోయింది. ప్రతి జూలై 1న పాతాయన దిగుతాడు, కొత్తాయన ఎక్కుతాడు, అంటే ఏడాదికో పాస్ట్ ప్రెసిడెంట్ ఉత్పత్తి అవుతాడు, ఒకసారి అయినవాడు చచ్చినా మళ్ళీ మామూలు మెంబర్ అవడు. ధరల పెరుగుదల 4 శాతం దగ్గరుండాలి, అటూ ఇటూ ఓ 2 శాతం పర్లేదు అని రిజర్వు బ్యాంకుకి ఓ టార్గెట్ ఉంది కదా, పాస్ట్ ప్రెసిడెంట్ల పెరుగుదలకి అలాంటిదేమీ లేదు. అందరి పేర్లూ వరసగా, గారు గారు అంటూ చదవాల్సిందే. ఒక్క పేరు జారిందంటే ఆయన వర్గం మొత్తం వచ్చే రెండు వారాలు రాదు.

తర్వాత అందరం లేచి నిలబడి నాలుగు ప్రశ్నల ప్రతిజ్ఞ చదివాం. ఇది నిజమేనా, అందరికీ న్యాయమేనా, స్నేహాన్ని పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా. 1932లో చికాగోలో దివాలా అంచున ఉన్న ఓ అల్యూమినియం గిన్నెల కంపెనీని నిలబెట్టడానికి హెర్బర్ట్ టేలర్ రాసుకున్న ప్రశ్నలివి, కాబట్టి ఇవి కూడా ఎకనామిక్సే.

గెస్టు గారి పరిచయం ఇరవై నిమిషాలు, ప్రొజెక్టర్ పది నిమిషాలు, ప్రసంగం పదిహేను. మన ఆర్థిక వ్యవస్థ ఐదు ట్రిలియన్ డాలర్లన్నారు, చప్పట్లు. 2024-25కల్లా చేరాలని 2019లో అనుకున్నాం, చేరలేదు అన్నారు, చప్పట్లు. అయినా 2047కి వికసిత భారత్ అన్నారు, ఇంకా చప్పట్లు. మా సభ్యులకి గెలుపోటములు ఒకటే, స్థితప్రజ్ఞులు.

ఇక రొయ్య దగ్గరికొచ్చారు. అమెరికావాడు మన సరుకు మీద సుంకాలు పెంచి ఆ ఆగస్టు 27 నుంచి 50 శాతం చేసి కూర్చున్నాడు కదా అప్పటికి, "అంచేత మనం దేశీయ వినియోగం పెంచుకోవాలి" అన్నారు గెస్టు గారు. సరిగ్గా అప్పుడే నా పక్కన కూచున్న ఫీడు డీలరు చెవి దగ్గరికొచ్చి "మేష్టారూ, పెద్ద రొయ్య అమెరికాకే పోవాలండి, ముప్పై కౌంటు దాకా పెంచుదామని మేత అరువు పట్టుకెళ్ళినాళ్ళంతా భయపడి వంద కౌంటుకే పట్టుబడి చేసేత్తన్నారు, నా బాకీ అడుగుదావంటే ఒక్కడూ ఫోనెత్తట్లేదండి" అన్నాడు. కిలోకి ముప్పై తూగాల్సిన రొయ్య వంద తూగేటప్పుడే చెరువు ఖాళీ అవుతోందన్నమాట, చెరువు లీజు మాత్రం ఏడాదికీ కట్టాలి. ఆ సాయంత్రం మొత్తంలో ఆర్థిక వ్యవస్థ గురించి నాకు తెలిసింది ఈ ఒక్క ముక్కే. సైలెన్స్ ప్లీజ్ అని వేదిక మీంచి కేకేసి అతనికి వంద రూపాయలు ఫైను వేశారు. సేవానిధికి జమ.

ప్రశ్నల టైములో మూడు చేతులు లేచాయి. బంగారం తులం లక్ష దాటేసింది, ఇప్పుడు కొనొచ్చా ఆగాలా అని ఒకాయన. భీమవరం రోడ్డులో సైటు మేలా, మ్యూచువల్ ఫండ్లో నెలనెలా కట్టే సిప్ మేలా అని ఇంకో ఆయన. మూడో ఆయన ప్రశ్న అడగలేదు, 1991లో తను ప్రెసిడెంటుగా ఉన్నప్పుడే ఇవన్నీ చెప్పానన్నాడు.

సన్మానం దగ్గర మాత్రం నిజంగా ఆశ్చర్యపోయాను. డబ్బు ఎంతుందన్నదే కాదు, ఎంత వేగంగా చేతులు మారుతుందన్నది కూడా ముఖ్యం అంటారు ఆర్థికవేత్తలు. గెస్టు గారికి కప్పిన శాలువా అంచు మీద కుంకుమ మరక చూసి గుర్తుపట్టాను, సెప్టెంబర్ 5న టీచర్స్ డేకి మా హెడ్మాస్టారికి కప్పింది అదే. నెల తిరక్కుండానే బయటికొచ్చి మళ్ళీ డ్యూటీ ఎక్కింది. రూపాయికి కూడా ఇంత చలామణి ఉండదు.

వోట్ ఆఫ్ థాంక్స్ సంగతి వదిలేద్దాం, మైకు సెట్టు కుర్రాడికి కూడా థాంక్స్ చెప్పారు.

భోజనాల దగ్గర గెస్టు గారి పిలుపుకి సభ్యులు తక్షణం స్పందించారు. రొయ్యల వేపుడు పది నిమిషాల్లో అయిపోయింది, దేశీయ వినియోగం అంత స్పీడుగా పెరగడం కేంద్ర ఆర్థిక శాఖ కూడా చూసుండదు. ఆ పక్కనే ట్రెజరర్ గారు కేటరింగ్ అతన్ని స్తంభం వెనక్కి తీసుకెళ్ళి, "జీఎస్టీ శ్లాబులు తగ్గించారటగా ఈ నెల 22 నుంచి, మంచిదే, అది సరే గానీ మనకి కచ్చా బిల్లు మీద ఎంతకిస్తావ్" అని అడుగుతున్నారు. బేరం ఇద్దరికీ న్యాయంగానే తెగింది, స్నేహం కూడా పెరిగింది, ప్రతిజ్ఞలో మొదటి ప్రశ్న ఒక్కటే మిగిలిపోయింది.

మినిట్స్ బుక్కులో "ఆర్థిక వ్యవస్థపై సభ్యులు లోతుగా చర్చించారు" అని రాశారు. తర్వాతి గురువారం టాపిక్ షుగర్ వ్యాధి, డాక్టర్ గారు కూడా ఒప్పుకున్నారు. స్వీటు తాపేశ్వరం కాజా.