432 హెర్ట్జ్ మెసేజ్‌లో చెప్పినవి ఒక్కొక్కటిగా చూద్దాం

ఈ మధ్య నెల్లూరు, ఒంగోలు ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇదీ: మన ఋషుల కాలం నుంచి త్యాగరాజస్వామి దాకా సంగీతమంతా 432 హెర్ట్జ్‌లోనే ఉండేది, అది భూమి గుండెచప్పుడుతో కలిసిన నాదం, 1939లో హిట్లర్ మంత్రి గోబెల్స్ దాన్ని 440కి మార్పించాడు, మనుషుల్లో కోపం, టెన్షన్ పెరిగింది అందుకే, రోజూ ఫలానా లింకులో 432 పాటలు వింటే బీపీ, షుగర్ తగ్గుతాయి. మా ఇంట్లో పెద్దవాళ్లు కూడా దీన్ని నమ్ముతున్నారు. సంగీతం మీద ఇష్టంతోనే నమ్ముతున్నారు కాబట్టి ఓపిగ్గానే రాస్తున్నా.

ముందు ఆ అంకె సంగతి. పాశ్చాత్యులు "ఎ" అని పిలిచే ఒక స్వరం ఉంది, మన లెక్కలో ఒకటో శ్రుతి, అంటే కీబోర్డు "సి" దగ్గర "స" పెట్టుకుంటే అది ధైవతం ("ధ") అవుతుంది. ఆ స్వరానికి సెకనుకి ఎన్ని కంపనాలు (హెర్ట్జ్ అంటే అదే) ఉండాలన్నదే ఈ 432, 440 గొడవ. అందరూ కలిసి వాయించేటప్పుడు వాద్యాలన్నీ ఒకచోట కలవడానికి పెట్టుకున్న ఒప్పందం అది, అంతకుమించి ఏమీ లేదు.

"గోబెల్స్ మార్చాడు." షైబ్లర్ అనే జర్మన్ 1834లోనే స్టుట్‌గార్ట్‌లో 440ని సిఫారసు చేశాడు. గోబెల్స్ పుట్టింది 1897లో. 1939 మే నెలలో అంతర్జాతీయ సమావేశం జరిగి 440కి ఒప్పుకున్న మాట నిజమే, కానీ అది జరిగింది లండన్‌లో, అమెరికా వాద్య పరిశ్రమ అప్పటికే 440ని వాడుతోంది. పోనీ అంతకుముందు యూరప్ అంతా 432లో ఉందా అంటే అదీ లేదు. స్వరకర్త హాండెల్ వాడిన శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) 422.5 చూపిస్తుంది, ఫ్రాన్స్ 1859లో చట్టం చేసి మరీ 435 పెట్టుకుంది, ఊరికో లెక్క, చర్చికో లెక్క నడిచిన కాలం అది. 432 కావాలని గట్టిగా అడిగిన పెద్దాయన ఇటలీ స్వరకర్త వెర్డి, 1884లో. ఆయన బాధంతా గాయకుల గొంతుల గురించి, శ్రుతి పైకి పోతూ ఉంటే పాడేవాళ్లు పడలేకపోతున్నారని. అంటే 432 మాట మన ఋషుల దగ్గర్నుంచి కాదు, యూరప్ నుంచి వచ్చింది.

"త్యాగయ్య 432లో పాడారు." ఇది విన్నప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది, ఎందుకంటే ఆయన ఇంటిపేరు కాకర్ల మన ఉమ్మడి ప్రకాశం జిల్లా ఊరే, ఆయన పూర్వీకులు అక్కడి నుంచే దక్షిణానికి వెళ్లారు, మనవాళ్లే ఆయన పేరు మీద ఇలాంటివి పంచుతున్నారు. త్యాగయ్య 1847లో సిద్ధి పొందారు. హెర్ట్జ్ అనే కొలతకి పేరిచ్చిన శాస్త్రవేత్త పుట్టిందే 1857లో. ఆయన శ్రుతి ఎంతో ఎవరూ కొలిచి రాసిపెట్టలేదు. అంతకన్నా పెద్ద విషయం, మన సంగీతంలో షడ్జమానికి, అంటే "స"కి, కట్టుబాటు అంకె లేనే లేదు. మగవాళ్లు ఒకటో, ఒకటిన్నరో శ్రుతి పెట్టుకుంటారు, ఆడవాళ్లు ఐదో, ఐదున్నరో పెట్టుకుంటారు, ఎవరి గొంతుకి తగ్గ షడ్జమం వాళ్లది. ఒకటో శ్రుతిలో "స" దాదాపు 131 కంపనాలు, ఐదులో 196. ఇంత తేడా ఉన్నా రెండిట్లోనూ అది షడ్జమమే, కల్యాణి రాగం కల్యాణే.

ఒక్కసారి మన వాద్యాల దగ్గరికి వెళ్లి వినండి. డప్పు కళాకారులు దరువు మొదలుపెట్టేముందు మంట వేసి డప్పు కాస్తారు, తోలు బిగిసి స్వరం పైకి లేస్తుంది, కాసేపటికి చల్లారి దిగుతుంది, మళ్లీ కాస్తారు. మృదంగం విద్వాంసులు కచేరీ మధ్యలో కూడా రాయితో అంచు మీద కొట్టి సరిచేసుకుంటూ ఉంటారు, నెల్లూరు లాంటి చోట సముద్రపు గాలి తేమకి తోలు ఊరికే సడలుతుంది. ఇక నాదస్వరం. పొట్టిది తిమిరి, స్వరం హెచ్చు, పొడుగుది బారి, స్వరం తగ్గు. వాటికి తోడు గాలి వేడెక్కేకొద్దీ అందులో ధ్వని వేగం పెరుగుతుంది, గొట్టంలో గాలి సుమారు 11 డిగ్రీలు వేడెక్కితే చాలు, 432 కాస్తా 440 అయిపోతుంది! తెల్లవారుజామున గుళ్లో మొదలుపెట్టిన సన్నాయి, ఎండెక్కాక ఊరేగింపులో ఊదే సన్నాయి ఒకే అంకె దగ్గర నిలబడవు. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకున్న షేక్ చిన మౌలానా గారి రికార్డులు ఇప్పటికీ దొరుకుతాయి. పెట్టుకుని వినండి. ఆయన గమకం (స్వరాన్ని ఊపే తీరు) ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో, రాగం ఎంత నిదానంగా విప్పుతున్నారో వినాల్సింది అది. ఆ "స" ఎన్ని హెర్ట్జో తెలిస్తే దానికి ఏం కలుస్తుంది?

"కలియుగం 4,32,000 ఏళ్లు, అందుకే 432." హెర్ట్జ్ అంటే సెకనుకి ఇన్ని అని లెక్క. మన పెద్దల కొలత ఘడియ, విఘడియ. విఘడియ అంటే 24 సెకన్లు. ఆ లెక్కన ఇదే స్వరానికి విఘడియకి 10,368 కంపనాలు వస్తాయి, 432 కనపడదు. సెకను పట్టుకుంటేనే వచ్చే అంకెని యుగాలకి ముడిపెట్టడం కుదరదు.

"భూమి గుండెచప్పుడు 8 హెర్ట్జ్, దానికి 54 రెట్లు 432." వాళ్లు చెప్పేది షూమన్ రెజొనెన్స్ గురించి. అది 8 కాదు, సుమారు 7.83. 54తో గుణిస్తే 423 కూడా రాదు. పైగా అది శబ్దమే కాదు, మెరుపుల వల్ల భూమికీ పై వాతావరణానికీ మధ్య తిరిగే విద్యుదయస్కాంత తరంగం, చెవికి దానితో సంబంధం లేదు.

నీళ్ల మీద, ఇసుక మీద 432కి అందమైన ముగ్గు వస్తుందని వీడియో కూడా పెట్టారు. ఆ ముగ్గులు పళ్లెం సైజునీ, మందాన్నీ, లోహాన్నీ బట్టి వస్తాయి. పళ్లెం మారిస్తే 440కీ వస్తుంది.

"చెవితో వింటే తేడా మీకే తెలుస్తుంది." పక్కపక్కన పెడితే తెలుస్తుంది, కాదనను. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే ఈ తేడా 32 భాగాలు. కానీ పాటంతా కలిసి ఒకే మోస్తరుగా కిందికి దిగుతుంది, స్వరాల మధ్య దూరాలు మారవు, పది నిమిషాలు ఆగి ఒక్కటే వినిపిస్తే చాలామంది ఏది ఏదో చెప్పలేరు. ఇంట్లో ఎవరినైనా పేరు చెప్పకుండా రెండూ పెట్టమనండి, చూద్దాం. ఆ లింకులో ఉన్నవి కూడా కొత్తగా వాయించినవి కావు, పాత పాటల్నే సాఫ్ట్‌వేర్‌తో కాస్త దించినవి.

నిజంగా చెవి పెట్టాల్సిన తేడా ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ మెసేజ్ చెయ్యరు. తంబురా దగ్గర కూర్చుని మంద్ర షడ్జమం (కింది స్థాయి "స") తీగ మోగాక కాసేపు ఆగండి. తీగ కింద బ్రిడ్జి మీద నూలుపోగు సరిగ్గా కుదిరితే ఎవరూ మీటకుండానే అంతరగాంధారం ("గ" స్వరం) పైన సన్నగా పలుకుతుంది. ఇప్పుడు కీబోర్డు మీద అదే గాంధారం నొక్కండి, అది ఇందాకటి లెక్కలో 14 భాగాలు హెచ్చుగా ఉంటుంది. 32 కన్నా 14 చిన్నదే, అయినా చెవికి గుచ్చుకుంటుంది, ఎందుకంటే ఇక్కడ మారింది షడ్జమంతో ఆ స్వరానికి ఉన్న సంబంధం. మనవాళ్లు "శ్రుతి చేరింది" అనేది ఆ సంబంధాన్నే. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని నిషేధించడానికి చెప్పిన కారణాల్లో ఇలా స్వరాలు బిగుసుకుపోవడం కూడా ఒకటి, వాళ్ల వాదనలో 432 ఎక్కడా లేదు.

ఇక ఆరోగ్యం. వాళ్ల వైపు చూపించే ఆధారం ఒకటి ఉంది, దాన్ని దాచను. ఇటలీలో 33 మందికి రెండు రకాలూ వినిపించి 2019లో అచ్చువేసిన పరిశోధనలో 432 విన్నప్పుడు గుండె వేగం నిమిషానికి సుమారు 5 సార్లు తగ్గింది. అది పెద్ద ప్రయోగానికి ముందు చేసే చిన్న ప్రయత్నం మాత్రమే, రక్తపోటులో తగ్గుదల లెక్కలోకి తీసుకునేంత రాలేదు. షుగర్ అసలు ఆ పరిశోధనలో చూడనే లేదు. మనసుకి నచ్చిన పాట ఏ శ్రుతిలో విన్నా కాస్త నెమ్మది కలుగుతుంది, వినండి, రోజూ వినండి. కానీ ఈ మెసేజ్ నమ్మి మాత్ర మానేద్దామా అని అడిగిన పెద్దవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. ఇప్పటికే గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసినవాళ్లు దయచేసి అక్కడికి వెళ్లి, డాక్టర్‌ని అడక్కుండా బీపీ, షుగర్ మాత్రలు ఆపొద్దని కింద ఒక్క లైను రాయండి.