చెత్త వేరు చేయించడానికి మైకు చాలదు

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలన్న సంగతి తెలియని ఇల్లు మన పట్టణాల్లో ఇప్పుడు అరుదు. చెత్త ఆటో మైకు రోజూ అదే చెబుతోంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు దాన్ని ఇంటివారి బాధ్యతగా ప్రకటించాయి. హైదరాబాద్‌లో ఇంటికి రెండేసి బుట్టలు ఉచితంగా పంచారు. ఎన్నో ఇళ్లలో అవి ఇతర అవసరాలకు మళ్లాయి. అంటే లోపం తెలియకపోవడంలో లేదు.

తెలియడానికీ చేయడానికీ మధ్య ఉన్న ఈ తేడాను అమెరికాలో కాలిఫోర్నియాలోని లా వెర్న్ పట్టణంలో వెస్లీ షుల్ట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరీక్షించారు. సుమారు 600 ఇళ్లను జట్లుగా విడదీసి, వాటి తలుపులకు కాగితాలు తగిలించారు. కొందరికి విజ్ఞప్తి, కొందరికి సమాచారం, ఇంకొందరికి మీ ఇల్లు లేదా మీ చుట్టుపక్కల వాళ్లు ఈ వారం ఎంత వేరు చేశారన్న లెక్క. 1999లో వెలువడిన ఫలితాల్లో గట్టిగా పనిచేసింది ఆ లెక్కే. విజ్ఞప్తీ సమాచారమూ చెప్పుకోదగ్గ మార్పు తేలేదు. మన మైకులు ఇప్పటికీ ఆ రెండింటినే నమ్ముకున్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద మూడు రంగుల బుట్టలు ఇచ్చి, నెలనెలా రుసుము వసూలు చేశారు. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు, కొత్త ప్రభుత్వం 2024లో ఎత్తేసింది. నా దృష్టిలో అసలు పొరపాటు వసూలు చేయడం కాదు. రేటు ఇల్లున్న ప్రాంతాన్ని బట్టి మారిందే తప్ప, ఆ ఇంట్లో చెత్త వేరు చేస్తున్నారా లేదా అన్నదాన్ని బట్టి కాదు. శ్రమపడిన ఇల్లాలికీ పడని ఇంటికీ ఒకే రసీదు ఇస్తే ఎవరు మారతారు?

పాత పేపర్ల విషయంలో ఎవరికీ ప్రచారం అక్కర్లేదు. తక్కెడ గుమ్మం దగ్గరికే వస్తుంది, డబ్బు చేతికందుతుంది. కొనేవాడు లేని చిప్స్ కవర్ల దగ్గరే చిక్కంతా. దానికి బెంగళూరు పద్ధతి కొంత దారి చూపింది: పొడి చెత్తను విడిగా, వారంలో నిర్ణీత రోజుల్లోనే తీసుకోవడం. మిగతా రోజుల్లో తడి చెత్తే తీసుకుంటే, వేరు చేయడం తప్ప ఇంటివాళ్లకు మరో దారి ఉండదు.

అయితే విడిగా ఇచ్చినదాన్ని ఆటోలో ఒకే కుప్పగా పోయడం వీధి మొత్తం చూస్తోంది. ముందు ఆ బండిలో అడ్డుగోడ పెట్టాలి. ఆ తర్వాతే లెక్కల కాగితం. అదీ వీధి పేరుతో వస్తే చాలు, ఇంటి నంబరు రాసి ఎవరినీ సిగ్గుపరచనక్కర్లేదు.